కొలత నేర్పిన వైద్యుడు - ఎల్లాప్రగడ సుబ్బారావు

కరీంనగర్ ప్రాంతంలో బోదకాలు నివారణకు ఇంటింటా పంచిన డి.ఇ.సి. మాత్రలు మన విద్యార్థులలో చాలామంది ఎరిగినవే. ఆ మందును వెలుగులోకి తెచ్చిన పరిశోధక బృందానికి నాయకుడు ఒక తెలుగువాడని ఎరిగినవారు మాత్రం అరుదు. ఆయనే డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆ మహనీయుని జీవితాన్ని, ముఖ్యంగా ఊపిరితిత్తుల రోగులకు ఆయన కృషివల్ల ఒనగూడిన మేలును ఈ సంచికలో స్మరించదలచాము.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో మూడవ ప్రయత్నానికి గాని ఉత్తీర్ణులు కాలేదు. మద్రాసు వైద్య కళాశాలలో గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించి, శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురైనారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో తృప్తిపడవలసి వచ్చింది.

1920వ దశకం తొలినాళ్లలో అమెరికా చేరి, ఆసుపత్రిలో రాత్రి కొలువు చేస్తూ హార్వర్డులో విద్య సాగించారు. అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తమూత్రాదులలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ కొలత ఆధారంగానే కండరాల శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి.ల పరిశోధన సాగింది. ముందు కొలవడం, పిమ్మట నిర్ణయించడం ఆయన శాస్త్రజీవితానికి పునాది అని మా అభిప్రాయం.

1940లో లెడర్లే ప్రయోగశాలలో చేరి పరిశోధనలకు అధిపతియైనారు. ఆయన ఆధ్వర్యంలో బెంజమిన్ డగ్గర్ మట్టి నమూనాలలోని సూక్ష్మజీవులను శోధించి, బంగారు వన్నెగల ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే ఆద్యం. పెన్సిలిన్‌కు లొంగని పలు బాక్టీరియాలు దానికి లొంగినవి. ఆ మందు 1948లో లోకానికి వెల్లడైంది. అదే సంవత్సరం ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, మాతృభూమిని మరల చూడకనే సుబ్బారావు న్యూయార్కులో కన్నుమూశారు.

ఆ కుటుంబానికి చెందిన డాక్సీసైక్లిన్ బ్రాంకియెక్టాసిస్ రోగులకు నేటికీ ఉపయోగపడుతున్నది. క్షయ మానినా, బాల్యంలో న్యుమోనియా తగ్గినా, కొందరిలో శ్వాసనాళాలు శాశ్వతంగా వెడల్పైపోతాయి. వాటిలో తెమడ నిలిచి, బాక్టీరియా స్థిరపడి, రోగి పదేపదే జ్వరంతోను దగ్గుతోను కృశిస్తాడు. నాళాల స్థితిని సి.టి. స్కాన్ తెలుపుతుంది. ఏ బాక్టీరియా చేరినదో తెమడ పరీక్ష తెలుపుతుంది. హీమోఫిలస్ అయితే డాక్సీసైక్లిన్‌కు సాధారణంగా లొంగుతుంది. సూడోమోనాస్ లొంగదు, దానికి వేరు మందు కావాలి. కనుక మందు మొదలుపెట్టక ముందే తెమడను పరీక్షకు పంపడం మేలు. వ్యాధి ఉద్రేకించినపుడు సాధారణంగా 14 రోజుల చికిత్స అవసరం. నిత్యం తెమడను వెడలించే శ్వాస వ్యాయామం కూడ అంతే ముఖ్యం.

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెలలో దగ్గు రాగానే దుకాణంలో నాలుగు గొట్టాలు కొని, రెండు రోజులకే మానివేసేవారిని మేము ఎందరినో చూచాము. అట్టివారి దేహంలో బాక్టీరియా బలం పుంజుకొని, సుబ్బారావు బృందం శ్రమించి తెచ్చిన మందే నిరర్థకమౌతుంది.

ప్రియ విద్యార్థులారా! మీ ఇంట ఏళ్ల తరబడి దగ్గే తాతయ్యనో నానమ్మనో తెమడ పరీక్షకు తీసుకొనిపోండి. కొలిచి తెలుసుకొనుమని బోధించిన ఆ మహనీయునికి అంతకు మించిన నివాళి లేదని మా విశ్వాసం.