హెన్రీ రాయిస్: ప్రాత కారు చెప్పిన పాఠము

ప్రాత కారును కొని, సెలవు దినములలో దానికి నూనె వేసి, తుడిచి, నడిపి మురిసిపోవువారు లోకమున పెక్కుమంది కలరు. క్రొత్తవి దొరకుచుండగా ప్రాతదానిపై ఇంత మమకార మెందులకని చూచువారికి నవ్వు వచ్చుట సహజము. అట్టి మమకారమునకు తగిన కార్లను నిర్మించిన మహాశిల్పి హెన్రీ రాయిస్. ఆతని జీవితమును తెలిసికొన్నచో ఆ నవ్వు నిలువదు.

రాయిస్ 1863వ సంవత్సరము మార్చి 27వ తేదీన, ఇంగ్లండులోని ఆల్వాల్టన్ గ్రామమున, పిండిమర నడుపుకొను ఒక గృహస్థునకు ఐదవ సంతానముగా జన్మించెను. మర సాగక కుటుంబము చితికిపోయెను. 1872లో తండ్రి మరణించునప్పటికి బాలునకు తొమ్మిదేండ్లు. లండను వీధులలో వార్తాపత్రికలు అమ్మియు, ఇంటింటికి తంతివార్తలు చేరవేసియు ఆతడు పొట్ట పోసికొనెను. బడిలో చదివినది బహు స్వల్పము. దగ్గరి బంధువు ధనసాయము చేయగా పీటర్‌బరో రైల్వే కర్మాగారమున పని నేర్చుకొన చేరెను. ఆ ధనము నిలిచిపోగా శిక్షణము నడుమనే ముగిసెను. పిమ్మట ఒక విద్యుద్దీపముల సంస్థలో కుదురుకొని, పగలు పని చేయుచు, రాత్రి తరగతులలో విద్యుచ్ఛాస్త్రము అభ్యసించెను.

1884లో ఎర్నెస్ట్ క్లేర్మాంట్ అను మిత్రునితో కలసి మాంచెస్టరులో చిన్న కర్మశాలను నెలకొల్పెను. విద్యుద్ఘంటలతో మొదలిడి, విద్యుదుత్పాదక యంత్రములు, బరువులెత్తు క్రేనులు చేసి పేరు గాంచెను.

ఆతని జీవితమును మలుపు త్రిప్పినది ఒక ప్రాత కారు. 1903 ప్రాంతమున రాయిస్, ఇతరులు వాడి విడిచిన డెకావిల్ అను ఫ్రెంచి కారును కొనెను. ఆ కాలమునకు అది చెడ్డది కాదు. కాని దాని రొదయు, కుదుపును ఆతనికి రుచింపలేదు. ఇంకొకరైన దానిని అమ్మివేసి వేరొకటి కొనియుందురు. రాయిస్ దానిని భాగము భాగముగా విప్పి, ఏది ఎందులకు అరుగుచున్నదో, ఏది ఎందులకు మ్రోగుచున్నదో పరీక్షించెను. అటుపిమ్మట తానే ఒక కారును నిర్మించెను. 1904 ఏప్రిల్ 1వ తేదీన అది కర్మశాల ద్వారము దాటి వీధిలోనికి వచ్చెను.

మరుసటి నెలలో మాంచెస్టరులోని మిడ్లాండు హోటలున చార్లెస్ రోల్స్ ఆతనిని కలసికొనెను. రోల్స్ ప్రభువంశీయుడు, కేంబ్రిడ్జి విద్యావంతుడు, లండనులో కార్ల వర్తకుడు. పేదరికమున పెరిగిన పనివానికిని, సిరిలో పుట్టిన వర్తకునకును పొత్తు కుదిరెను. రాయిస్ చేయుటకును, రోల్స్ అమ్ముటకును ఒప్పందమై, 1906లో రోల్స్-రాయిస్ సంస్థ ఏర్పడెను.

1907లో వెండివన్నె పూసిన వారి కారు ఒకటి, ఆటోమొబైల్ క్లబ్బు పరిశీలకుల యెదుట, 15,000 మైళ్ల పరీక్షకు నిలిచెను. 629 మైళ్లు పోయినపిమ్మట పెట్రోలు కుళాయి కుదుపులకు మూసికొనుటచే ఒక్కసారి ఆగెను. మిగిలిన 14,371 మైళ్లును యంత్రదోషముచే ఆగక నడచెను. పిదప దానిని విప్పి చూడగా, మార్చవలసిన భాగముల వెల రెండు పౌండ్లకు కొంచెము మించెను. సిల్వర్ ఘోస్ట్ అను దాని పేరు క్రమముగా ఆ తరగతి కార్లన్నిటికిని చెల్లెను.

కాని ఈ కీర్తికి రాయిస్ చెల్లించిన మూల్యము పెద్దది. 1910లో రోల్స్ విమాన ప్రమాదమున మరణించెను. తిండియు నిద్రయు మరచి పనిచేసిన రాయిస్, ఆ మరుసటి యేడు తీవ్రమైన జబ్బున పడెను. అది మొదలు డెర్బీ కర్మాగారమునకు దూరముగా, దక్షిణ ఫ్రాన్సునందును, ఇంగ్లండు సముద్రతీరమునను నివసించుచు, అచ్చటినుండియే నమూనా చిత్రములను పంపుచుండెను. ఆతని పర్యవేక్షణమున రూపొందిన ఈగిల్ ఇంజనులతోనే 1919లో ఆల్కాక్, బ్రౌన్ అనువారు ఎచ్చటను దిగక అట్లాంటిక్ మహాసముద్రమును విమానమున దాటిరి. 1930లో ఆతనికి బారనెట్ బిరుదము లభించెను. 1933 ఏప్రిల్ 22వ తేదీన వెస్ట్ విటరింగ్ గ్రామమున కన్ను మూసెను.

శిల్పి పోయినను ఆతని పని నిలిచినది. 1907 నాటి ఆ పరీక్షలో నెగ్గిన కారు, మరుసటి యేడు అమ్ముడుపోయి, నలువదేండ్ల పిమ్మట 1948లో తిరిగి సంస్థకే చేరెను. మన హైదరాబాదునకును ఆతని పనితనముతో సంబంధము కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కోరి చేయించిన పసుపువన్నె సిల్వర్ ఘోస్ట్ సిద్ధమగుటకు పూర్వమే, 1911లో, ఆయన మరణించెను. వెనుకభాగమున సింహాసనమువంటి ఆసనము గల ఆ 1912 నాటి కారు పిమ్మట బాగుచేయబడి, చౌమహల్లా ప్రాసాదమున ప్రజల కన్నులకు విందైనది.

ప్రాత కారు విలువ దాని వెలలో మాత్రమే లేదు. దానిని విప్పవచ్చును, తెలిసికొనవచ్చును, అరిగినదానిని మార్చి తిరిగి నడుపవచ్చును. కంటికి కనబడని మరలయందు సైతము ఒకానొకడు చూపిన శ్రద్ధ, విప్పినవాని చేతికి తగులును. ప్రాత కారు గలవాడు ఒకవిధముగా విద్యార్థి. రాయిస్ కూడ అట్టి విద్యార్థిగానే మొదలిడెను. ఆతనివలె దేహమును మరచుట మనకు తగదు. కాని చేతికి వచ్చిన వస్తువును తృణీకరింపక, దాని లోపములను వెదకి, అంతకంటె మేలైనదానిని చేయుట ఏ కాలపు బాలురకైనను, బాలికలకైనను అలవరచుకొనదగిన గుణము.