సూరత్ కోతకు బొంబాయి తిరుగుబాటు
1682లో జాన్ చైల్డ్ సూరత్‌లోని ఈస్టిండియా కంపెనీ కోఠీకి అధ్యక్షుడయ్యాడు. ఇంగ్లండ్ రాజు 1668లో ఏడాదికి 10 పౌండ్ల కౌలుకు కంపెనీకి అప్పగించిన బొంబాయి కూడా సూరత్ అజమాయిషీలోనే ఉండేది. ఆ దీవిలో రాబడి కంటే ఖర్చే ఎక్కువ. అప్పుల్లో ఉన్న లండన్ డైరెక్టర్లు ఖర్చు తగ్గించమన్నారు. చైల్డ్ వెనుకాడలేదు. సైనికుల సంఖ్య తగ్గించాడు, మిగిలినవారి జీతాలూ కోశాడు.

దెబ్బ తగిలింది మామూలు వాళ్లకు కాదు. దండుకు అధిపతి కెప్టెన్ రిచర్డ్ కీగ్విన్, 1679లో ఖండేరి దగ్గర మరాఠా నౌకలతో తలపడినవాడు. 1683 డిసెంబర్ 27న డిప్యూటీ గవర్నర్ చార్లెస్ వార్డ్‌ను నిర్బంధించి, రాజు పేరిట పాలన చేతుల్లోకి తీసుకున్నాడు. సైనికులంతా అతని వెంటే నిలిచారు. చైల్డ్ స్వయంగా వెళ్లి నచ్చజెప్పబోతే ఎవరూ వినలేదు. కీగ్విన్ శంభాజీతో సొంతంగా ఒప్పందం కూడా చేసుకున్నాడు. చివరికి 1684 నవంబర్‌లో, క్షమాభిక్ష హామీ దొరికాకే, దీవిని సర్ థామస్ గ్రాంథమ్‌కు అప్పగించాడు. జీతాల్లో మిగిలిందేమో గానీ, దీవే దాదాపు ఏడాది చేజారింది.

చైల్డ్ పరపతి మాత్రం తగ్గలేదు. 1685లో బారొనెట్ బిరుదు వచ్చింది. సిపాయి జీతం దగ్గర లెక్కలు చూసిన మనిషే, డైరెక్టర్ల అండతో మొఘలుల మీద యుద్ధానికి దిగాడు. ఓడిన కంపెనీకి ఔరంగజేబు లక్షన్నర రూపాయల జరిమానా వేశాడు, చైల్డ్‌ను దేశం నుంచి పంపేయాలన్నాడు. ఆ షరతు అమలు చేయాల్సిన అవసరం రాలేదు. 1690 ఫిబ్రవరిలో అతను బొంబాయిలోనే చనిపోయాడు.