ఎడ్విన్ స్కాట్ వోటీ: పియానోలా నిర్మాత

పూర్వము మిషను దేవాలయములలో కాళ్లతో త్రొక్కి వాయించు ఆర్గను ఉండెడిది. మన పెద్దలలో పలువురు దానిని చూచియుందురు. వాయించువాని వ్రేళ్లను అందఱును చూతురు గాని పాదములను ఎవరును చూడరు. ఆ పాదముల పనినే ఆధారముగా గొని, మెట్లమీద వ్రేలు పెట్ట నేరనివాడు సహితము పియానో పలికింపగల యంత్రమును కల్పించినవాడు ఎడ్విన్ స్కాట్ వోటీ. ఆయన చరిత్రమును క్లుప్తముగా వ్రాయుచున్నాము.

ఈయన 1856లో న్యూయార్కు రాష్ట్రమందలి ఓవిడు గ్రామమున జన్మించెను. తండ్రి బాప్టిస్టు బోధకుడు. ఎడ్విన్ 1873లో వెర్మాంటునందలి ఎస్టీ ఆర్గను కంపెనీలో గుమాస్తాగా చేరెను. ఆ ఆర్గనులు గాలిని లోనికి పీల్చుకొనుటచేత పలుకునవి. ఆ విద్యయే పిమ్మట ఆయనకు పెన్నిధి యయ్యెను. తరువాత డెట్రాయిటు చేరి, 1887లో ఫరాండు అను మిత్రునితో గూడి ఆర్గనుల కార్ఖానా నడపెను. 1893లో షికాగో మహాప్రదర్శనమునకు వీరు నిర్మించిన గొప్ప ఆర్గను తరువాత మిచిగాను విశ్వవిద్యాలయమునకు చేరెను.

1895లో వోటీ తన తొలి పియానోలాను నిర్మించెను. ఇట్టి యత్నము ఇదియే మొదటిది కాదు. ఫ్రాన్సులో ఫూర్నో అనునతడు 1863లోనే యొకదానికి పేటెంటు పొందియుండెను. వోటీ చేసినది పియానో ముందునకు జరిపి నిలుపు నొక పెట్టె. దానికి కంబళి తొడిగిన 65 కొయ్యవ్రేళ్లు గలవు. పాదములతో రెండు పలకలను మార్చిమార్చి త్రొక్కగా తిత్తులు లోని గాలిని వెలికి లాగివేయును. తోలు కవాటములు ఆ గాలిని మరల రానీయవు. రంధ్రములుగల కాగితపు చుట్ట కదలుచుండగా, ఏ రంధ్రము తెఱవబడునో ఆ దారిని బయటి గాలి చొచ్చి, చిన్న తిత్తి యొకటి ముడుచుకొని కొయ్యవ్రేలిని మెట్టుపై నొక్కును. చుట్టను త్రిప్పునదియు ఆ పీల్పుబలమే.

యంత్రము వచ్చినచో మనుష్యుడు సోమరి యగునని కొందఱు నిందించిరి. మాకు ఆ నింద సగమే నిజముగా తోచుచున్నది. గట్టిగా త్రొక్కినచో స్వరము బిగ్గరగాను, మెల్లగా త్రొక్కినచో మృదువుగాను పలుకును. అట్టి త్రొక్కుడు అభ్యాసము లేక రాదు.

అయితే ఈ సూక్ష్మమంతయు తిత్తుల బిగువుమీద ఆధారపడియున్నది. రబ్బరు పూసిన గుడ్డ యేండ్లు గడచిన కొలది గట్టిపడి మడతలయొద్ద పగులును. కవాటపు తోలు ఎండి వంకర తిరుగును. అప్పుడు త్రొక్కువాడు ఆయాసపడును గాని పాట బలహీనమగును. తెలిసిన పనివాడు పాత గుడ్డను, జిగురును గీకివేసి, క్రొత్త గుడ్డను వేడి వజ్రముతోనే అంటించును. అట్లు చేసినచో తరువాతి పనివాడు కొయ్యకు హాని లేకుండ దానిని మరల విప్పగలడు. పీల్పు చాలలేదని బలమైన స్ప్రింగులు వేయుట తెలివితక్కువ పని. కారిపోవు గాలి కారుచునే యుండును, మృదుస్వరము మాత్రము పోవును.

1897లో వోటీ ఏయోలియను కంపెనీలో చేరెను. 1900లో పేటెంటు లభించెను. అనతికాలమున పియానోలా అను పేరు ఇట్టి వాద్యములన్నిటికిని వాడుక పేరాయెను. 1918లో డేటను నగరమున కెటరింగు నడపిన, మనుష్యుడు లేకయే యెగురు విమానపు పనిలో ఈయన తోడ్పడెను. పాటకై కల్పించిన తిత్తులవంటివే బాంబును మోయు విమానమును త్రిప్పుటకు ఉపయోగింపబడెను. అది రణరంగమునకు పోకమునుపే యుద్ధము ముగిసినది.

రేడియోయు, 1929 నాటి ఆర్థికమాంద్యమును ఆ వ్యాపారమును కూలద్రోసెను. వోటీ దానిని కన్నులార చూచి 1931లో మరణించెను. ఆయన చేసిన తొలి పెట్టె 1922లోనే వాషింగ్టనునందలి స్మిత్సోనియను సంస్థకు చేరియుండెను.