విజ్ఞానతపస్వి జగదీశచంద్ర బోసు

అరచేతిలో ఇముడునంతటి సౌరఫలక మొకటి, కందిగింజంత ఎల్‌.ఇ.డి. దీప మొకటి, రెండు రాగితీగలు ఉన్నచో పాఠశాలలో చదువు బాలుడైనను ఎండతో దీపమును వెలిగింపగలడు. ఆ ఫలకమున చిన్నచిన్న సౌరఘటములు కూర్పబడి యుండును. ఒక్కొక్క ఘటము మంచి యెండలో సుమారు అరవోల్టు మాత్రమే ఇచ్చును. ఎఱ్ఱని ఎల్‌.ఇ.డి. వెలుగుటకు సుమారు 2 వోల్టులు కావలెను. కావున ఒక ఘటముయొక్క ధనధ్రువమును వేఱొక ఘటముయొక్క ఋణధ్రువముతో కలుపుచు, ఐదాఱు ఘటములను వరుసగా చేర్తురు. దీపమునకు గల రెండు కాళ్లలో పొడవైనదానిని ధనధ్రువమునకును, పొట్టిదానిని ఋణధ్రువమునకును తగిలింపవలెను. తారుమారుగా తగిలించినచో దీపము వెలుగదు. ఫలకము పెద్దదైనచో, విద్యుత్తు మితిమీరి దీపము చెడకుండ నడుమ ఒక నిరోధకము నుంచవలెను.

ఈ చిన్న వలయమున ఒక వింత కలదు. సౌరఘటమునందు వెలుగు విద్యుత్తుగా మాఱుచున్నది. దీపమునందు విద్యుత్తు మరల వెలుగుగా మాఱుచున్నది. ఈ రెండు పనులను చేయునవి రాగివలె విద్యుత్తును ధారాళముగా పోనిచ్చునవియు కావు, గాజువలె పూర్తిగా అడ్డగించునవియు కావు. అవి నడిమి తరగతి పదార్థములు. వానికి అర్ధవాహకములని పేరు. ఆ శాస్త్ర మింకను రూపొందని దినములలోనే, కలకత్తా నగరమున ఒక చిన్న గదిలో కూర్చుండి, అట్టి స్ఫటికముపై కిరణములను ప్రసరింపజేసి, దాని స్పందమును కొలిచిన భారతీయు డొకడు కలడు. ఆయనయే ఆచార్య జగదీశచంద్ర బోసు.

జగదీశచంద్రుడు 1858వ సంవత్సరము నవంబరు 30వ తేదీన తూర్పు వంగదేశమున జన్మించెను. ఆ ప్రాంతము నేడు బంగ్లాదేశమున నున్నది. తండ్రి భగవాన్‌చంద్ర బోసు ప్రభుత్వోద్యోగి, బ్రహ్మసమాజ మతావలంబి. ఆ కాలమున ఉద్యోగస్థులు తమ పిల్లలను ఆంగ్ల పాఠశాలలకు పంపుట గౌరవముగా తలచెడివారు. భగవాన్‌చంద్రు డట్లు చేయలేదు. బాలుడు మొదట తన మాతృభాషను, తన ప్రజలను తెలిసికొనవలెనని ఎంచి, కుమారుని వంగభాషా పాఠశాలకే పంపెను. అచ్చట జగదీశున కొకవైపున తండ్రియొద్ద పనిచేయు మహమ్మదీయ సేవకుని కొడుకును, మఱియొకవైపున ఒక జాలరి కొడుకును కూర్చుండెడివారు. వారు చెప్పు పక్షుల కథలను, జలచరముల కథలను విని ఆ బాలుడు ప్రకృతియందు కుతూహలము పెంచుకొనెను. మానవులలో ఎక్కువ తక్కువలు లేవను భావమును ఆ బల్లమీదనే అలవఱచుకొనెను.

పిమ్మట జగదీశుడు కలకత్తాలోని సెయింట్ జేవియర్ విద్యాలయమున చదివెను. అచ్చట ఫాదర్ లాఫాంట్ అను భౌతికశాస్త్రోపాధ్యాయుడు ప్రయోగములను కన్నులకు గట్టునట్లు చేసి చూపి, శిష్యుని మనస్సును విజ్ఞానమువైపు మరల్చెను. జగదీశుడు 1880లో ఇంగ్లండునకు వెడలి వైద్యవిద్య నారంభించెను గాని, అనారోగ్యమువలన దానిని విడువవలసివచ్చెను. అంతట కేంబ్రిడ్జిలో చేరి ప్రకృతిశాస్త్రముల నభ్యసించెను. సుప్రసిద్ధుడగు రేలీ ప్రభువు అచ్చట ఆయనకు గురువు. 1884లో పట్టము పొంది, మఱుసటి యేట స్వదేశమునకు వచ్చి, కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యుడుగా నియుక్తుడయ్యెను.

ఆ యుద్యోగమున ఆయనకు మొదటనే ఒక పరీక్ష యెదురయ్యెను. ఒకే పదవియందున్న ఐరోపీయున కిచ్చు జీతములో భారతీయునకు మూడింట రెండు వంతులే యిచ్చెడివారు. బోసు నియామకము తాత్కాలికమను నెపమున దానిని మఱల సగము చేసి, మూడింట ఒక వంతునకు తగ్గించిరి. బోసు కలహింపలేదు, ఉద్యోగమును మానలేదు. ప్రతిదినము కళాశాలకు పోయి శ్రద్ధతో పాఠములు చెప్పుచు, జీతమును మాత్రము ముట్టకుండెను. ఇట్లు ఒకటి కాదు, రెండు కాదు, మూడు సంవత్సరములు గడచెను. ఆ దినములలో ఇంటి పరిస్థితి సులభమైనది కాదు. తండ్రి ప్రజాహితమునకై తలపెట్టిన పనులలో నష్టపడి అప్పులపాలై యుండెను. 1887లో బోసు అబలాదేవిని వివాహమాడెను. మద్రాసు వైద్యకళాశాలలో కొంతకాలము చదివిన ఆ విదుషీమణి భర్తతోపాటు లేమిని ఓర్చెను. తుదకు అధికారులు తమ పొరపాటును గుర్తించి, ఆయన పదవిని స్థిరపఱచి, మొదటి దినమునుండి పూర్తి జీతమును లెక్కగట్టి యిచ్చిరి. ఆ ధనముతో బోసు తండ్రి అప్పులను తీర్చెను.

గౌరవము దక్కెను గాని పరిశోధనకు తగిన సాధనములు దక్కలేదు. కళాశాలలో పరిశోధనాలయ మనునదే లేదు. స్నానశాల ప్రక్కనున్న ఒక ఇఱుకు గదిని బోసు తన పరిశోధనాలయముగా చేసికొనెను. విజ్ఞాన మెఱుగని ఒక రేకుపనివానిని చేరదీసి, దగ్గఱ నుండి నేర్పి, కావలసిన పరికరములను చేయించెను. దినమంతయు పాఠములు చెప్పి, మిగిలిన వేళలందు పరిశోధన సాగించెడివాడు.

అప్పటికి కొలది కాలము క్రిందట జర్మనీలో హెర్ట్జు అను శాస్త్రజ్ఞుడు కంటికి కనబడని విద్యుత్తరంగములను పుట్టించి చూపి యుండెను. వెలుగును ఆ తరంగములును ఒకే జాతికి చెందినవని నిరూపింపవలెనని బోసు సంకల్పించెను. హెర్ట్జు తరంగములు మిక్కిలి పొడవైనవగుటచే వానిని చిన్న బల్లమీద పరీక్షించుట కష్టము. బోసు 5 మిల్లీమీటర్ల పొడవువఱకు తగ్గిన తరంగములను పుట్టించెను. ఆ తరంగముల ధ్రువణమును చూపుటకు ఆయన వాడిన సాధనములు విన్నచో ఆశ్చర్యము కలుగును. రైలుబండ్ల వేళలు తెలుపు ఒక లావుపాటి పుస్తకము పుటల నడుమ లోహపు రేకుల నుంచి ఒక పరికరమును చేసెను. వంగదేశమున ఎల్లెడల దొరకు జనపనారను మెలిపెట్టి మఱియొక ప్రయోగమునకు వాడెను. ధనము లేనిచోట బుద్ధి పనిచేసెను.

1895లో కలకత్తా టౌనుహాలునందు ఆయన గోడల కావలనుండి తరంగములను పంపి, దూరముననున్న గంటను మ్రోగించి, తుపాకిమందును ప్రేల్చి చూపరులను విస్మయపఱచెను. 1896లో లండను విశ్వవిద్యాలయ మాయనకు డాక్టరు పట్టము నిచ్చెను. 1897 జనవరిలో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయన తన పరికరములను ప్రదర్శించెను. ఆ చిన్న పెట్టెలను చూచి ఆ కాలపు శాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడగు కెల్విను ప్రభువు మెచ్చుకొనెను.

తరంగములను పుట్టించుట ఒక యెత్తు, వానిని పట్టుకొనుట మఱియొక యెత్తు. అప్పటి గ్రాహకములు లోహపు పొడితో చేసినవి. అవి నిలుకడ లేనివి. ఒకమాఱు పనిచేసిన పిమ్మట వానిని తట్టి సరిచేయవలసియుండెను. మేలైన గ్రాహకమునకై బోసు పెక్కు పదార్థములను ఒక్కొక్కటిగా పరీక్షించుచు వచ్చెను. తుదకు గెలీనా అను స్ఫటికము ఆయన దృష్టి నాకర్షించెను. అది సీసమును గంధకమును కలిసిన ఒక ఖనిజము, అర్ధవాహకము. దానిపై ఒక లోహపు మొనను మెల్లగా ఆనించి, బ్యాటరీని, గాల్వనోమీటరును చేర్చి ఆయన ఒక వలయమును నిర్మించెను. విద్యుత్తరంగములు సోకినప్పుడు వలయములోని విద్యుత్తు మాఱి ముల్లు కదలెను. వెలుగు సోకినప్పుడును ముల్లు కదలెను! కనబడు వెలుగును, కనబడని తరంగమును ఒకే స్ఫటికము గుర్తించుటచే బోసు దానిని కృత్రిమ నేత్రముగా భావించెను. ఇది సౌరఘటము కాదు. విద్యుత్తు నిచ్చినది బ్యాటరీయే. కాని వెలుగు సోకగనే స్ఫటికము స్పందించు ననియు, ఆ స్పందమును తీగలలో కొలువవచ్చు ననియు ఆ చిన్న వలయము చూపెను.

అంతట రెండవ పరీక్ష వచ్చెను. 1901లో ఆయన లండనులో నున్నప్పుడు, ఒక తంతి సంస్థ యజమాని వచ్చి, క్రొత్త గ్రాహకమునకు పేటెంటు తీసికొనుమనియు, లాభమును పంచుకొందమనియు ప్రార్థించెను. తంతిలేని వార్తలకై దేశములన్నియు ఆరాటపడుచున్న సమయ మది. బోసు అంగీకరింపలేదు. జ్ఞానము అమ్మకపు సరకు కాదనియు, ధనాశ యను చక్రమున ఒకమాఱు చిక్కినచో బయటపడుట లేదనియు ఆయన తలంపు. హితైషులైన సోదరి నివేదితయు, అమెరికా దేశస్థురాలగు సారా బుల్లును ఆయనకు నచ్చజెప్పి, అమెరికాలో పేటెంటుకొఱకు దరఖాస్తు పెట్టించిరి. 1904 మార్చి 29వ తేదీన 755840వ సంఖ్యతో పేటెంటు లభించెను. అర్ధవాహక సాధనమునకు లభించిన తొలి పేటెంటు అదియే యందురు. అయినను బోసు దానివలన ఒక్క కాసైనను పొందగోరక, దాని గడువును తీరిపోనిచ్చెను.

గ్రాహకములను పరీక్షించునప్పుడే ఆయన మఱియొక సంగతి గమనించెను. ఎడతెగక వాడినచో అవి అలసినట్లు మందగించును. విశ్రాంతి నిచ్చినచో మరల తేఱుకొనును. ఈ పోలికవలన ఆయన మనస్సు జీవరాశివైపు మరలెను. మొక్కల స్పందమును, పెరుగుదలను కొలుచుటకు క్రెస్కోగ్రాఫు అను యంత్రమును నిర్మించెను. అది మొక్కయొక్క అతిసూక్ష్మమైన పెరుగుదలను వేలరెట్లు పెంచి చూపును. భౌతికశాస్త్రజ్ఞుడు తమ రంగమున ప్రవేశించుట కొందఱు జీవశాస్త్రజ్ఞులకు రుచింపలేదు. 1901లో రాయల్ సొసైటీ యెదుట ఆయన చదివిన వ్యాసమును ప్రకటింపక ఆపివేసిరి. బోసు కోపగింపలేదు. ప్రయోగము వెంట ప్రయోగము చేసి, గ్రంథములు వ్రాసి, తన యంత్రములతో దేశదేశములు తిరిగి చూపెను. 1920లో ఆ రాయల్ సొసైటీయే ఆయనను తన సభ్యునిగా నెన్నుకొనెను. ఆయన సిద్ధాంతములలో కొన్నిటిపై వాదములు మాత్రము ఆగలేదు.

తన జన్మదినమగు 1917 నవంబరు 30వ తేదీన బోసు కలకత్తాలో ఒక పరిశోధనాలయమును స్థాపించి జాతి కంకిత మొనర్చెను. అచ్చట కనుగొన్న విషయములకు పేటెంట్లు తీసికొనరాదనియు, అవి లోకమునకెల్ల చెందవలెననియు నిర్ణయించెను. తనకు ఇఱుకు గది దొరకుటయే దుర్లభమైనను, రాబోవు యువకులకు ఆ కొఱత యుండరాదని ఆయన కోరిక. 1937 నవంబరు 23వ తేదీన గిరిడీలో ఆయన తనువు చాలించెను. అప్పటికి డెబ్బది తొమ్మిది సంవత్సరములు నిండుటకు ఏడు దినములు మిగిలియుండెను.

బోసు విడిచిన స్ఫటికముల త్రోవను పిమ్మట పెక్కుమంది త్రొక్కిరి. 1907లో ఇంగ్లండు దేశీయుడగు హెన్రీ రౌండు, కార్బోరండమను స్ఫటికముపై లోహపు మొన నానించి విద్యుత్తును పంపగా, ఆ మొనయొద్ద వెలుగు మినుకుమనుట గమనించెను. అదియే ఎల్‌.ఇ.డి. దీపమునకు తొలి మెఱుపు. 1962లో అమెరికాలో నిక్ హోలన్యాక్ కంటికి కనబడు ఎఱ్ఱని వెలుగు నిచ్చు ఎల్‌.ఇ.డి.ని తయారుచేసెను. వెలుగువలన విద్యుత్తు పుట్టునని ఫ్రాన్సు దేశీయుడగు ఎడ్మండ్ బెకరెల్ 1839లోనే కనుగొనియుండెను. కాని పనికివచ్చు సిలికాను సౌరఘటము 1954లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున రూపొందెను. దానిని నిర్మించిన మువ్వురిలో పియర్సన్ అనువా డొకడు. మఱుసటి యేట ఆయన, ట్రాన్సిస్టరును కనుగొన్నవారిలో నొకడగు బ్రాటెయిన్‌తో కలిసి అర్ధవాహకముల చరిత్రను వ్రాయుచు, విద్యుత్తరంగములను పట్టుటకు అట్టి స్ఫటికమును తొలుత వాడినవాడు బోసేయని అంగీకరించెను. 2012లో అంతర్జాతీయ విద్యుదింజనీర్ల సంస్థ కలకత్తా ప్రెసిడెన్సీలో బోసు చేసిన తరంగ ప్రయోగములను చరిత్రలో మైలురాయిగా గుర్తించెను.

బోసు తన స్ఫటికమును తాళము వేసిన పెట్టెలో దాచియున్నచో ధనవంతు డయ్యెడివాడు. ఆయన ఆ పెట్టెను తెఱచియుంచెను. నేడు ఒక విద్యార్థి సౌరఫలకమును ఎండకు త్రిప్పి, తీగల కొనలను సరిగా కలిపినప్పుడు చిన్న దీపము వెలుగుచున్నది; ఫలకముపై చేయి అడ్డముంచినచో ఆఱిపోవుచున్నది; చేయి తీసినచో మరల వెలుగుచున్నది. వెలుగునకు స్ఫటికము పలుకు ఆ బదులునే, వంద సంవత్సరములకు పూర్వము, స్నానశాల ప్రక్కనున్న గదిలో పరిశోధన మొదలిడిన ఆ యుపాధ్యాయుడు ముల్లు కదలికలో చూచెను.