డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు: పుట్టిన బిడ్డ చెప్పే లెక్క

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాసి ఇమ్మని మిత్రులు కోరినప్పుడు నాకు ముందుగా గుర్తుకు వచ్చినవారు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆదోనిలో కానీ, ఎమ్మిగనూరులో కానీ గర్భిణీ స్త్రీ చేతిలో పెట్టే ఎర్ర మాత్రలో ఆ మహానుభావుని శ్రమ ఉన్నది. మన ఇళ్లలో ఆ మాత్ర మింగినవారికి ఆయన పేరు తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రిగారు అనారోగ్యంతో ముందే ఉద్యోగ విరమణ చేయడంతో ఇల్లు గడవడం కష్టమైంది. పిల్లవాడికి చదువు మీద మనసు నిలువలేదు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే విరేచనాల వ్యాధితో కొద్ది రోజుల తేడాలో కన్నుమూశారు. ఆ దుఃఖమే ఆయనను జీవితాంతం మందుల వేటలో నిలిపింది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ పట్టాతో బయటపడ్డారు.

1923లో మామగారి సాయంతో అమెరికాలోని బోస్టన్ చేరారు. భార్య శేషగిరి గారిని మళ్లీ చూడలేదు. ఆసుపత్రిలో రాత్రి పనులు చేస్తూ పగలు చదివారు. ఫిస్క్ గారితో కలిసి 1925లో రక్తంలోని భాస్వరం కొలిచే పద్ధతిని ప్రకటించారు. 1940లో లెడర్లీ మందుల సంస్థలో చేరిన తరువాత ఆయన నడిపిన పరిశోధనలు లోకానికి ఒకదాని వెంట ఒకటి మందులు ఇచ్చాయి.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. దీని కథ బొంబాయిలో మొదలైంది. 1928లో అక్కడికి వచ్చిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు వచ్చే తీవ్రమైన రక్తహీనతను పరిశీలించి, ఈస్టుతో చేసిన పదార్థంతో అది నయమవుతుందని కనుగొన్నారు. మన ఆదోని జిన్నింగు మిల్లుల్లో పనిచేసే ఆడవారి వంటివారే వారంతా. ఆ ఈస్టులోని గుణం ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలింది. దానిని ప్రయోగశాలలో తయారుచేసిన ఘనత 1945లో సుబ్బారావు గారి బృందానికి దక్కింది.

రెండవది దానికి విరుగుడుగా పనిచేసే అమినోప్టెరిన్. బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ దీనిని రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకిచ్చి, 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా గుణం కనబడిందని 1948లో ప్రకటించారు. దీని తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి వారానికొకసారి వేసుకునేవారు మన పెన్షనర్లలోనూ ఉన్నారు. మూడవది 1948లో డగ్గర్ గారు తెచ్చిన ఆరియోమైసిన్, అంటే టెట్రాసైక్లిన్ జాతికి పెద్దన్న. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు గారు 53వ ఏట నిద్రలోనే కన్నుమూశారు.

ఆయన చూడని కథ అక్కడి నుండి మొదలైంది. గర్భిణి కడుపులో పడితే అమినోప్టెరిన్ బిడ్డకు అవయవ లోపాలు తెస్తుందని 1952 నాటికే వైద్యులు వ్రాశారు. టెట్రాసైక్లిన్ తల్లి వాడితే బిడ్డ పళ్లకు పసుపు, గోధుమ మచ్చలు పడతాయని తరువాత తెలిసింది. ఇక వేరొక సంస్థ 1957లో జర్మనీలో అమ్మిన థాలిడమైడ్ వల్ల పదివేల మందికి పైగా పిల్లలు చేతులు, కాళ్లు సరిగా లేకుండా పుట్టారు. హాంబర్గులో డాక్టర్ లెంజ్ తల్లులను కలిసి ఏ మందు మింగారో అడిగి వ్రాసుకొన్న తరువాతనే, 1961 నవంబరులో ఆ మందు అక్కడ ఆగింది. ఆ గుణపాఠంతోనే పుట్టిన బిడ్డల లోపాలను వ్రాసే రిజిస్టర్లు అనేక దేశాల్లో వచ్చాయి. అమెరికాలోని అట్లాంటాలో 1967లో అటువంటిది మొదలైంది.

ఆ రిజిస్టర్ల వంటి లెక్కల వల్లే మేలూ తెలిసింది. వెన్నుపాము లోపంతో బిడ్డను కన్న తల్లులు మళ్లీ గర్భం రాకముందు నుండే ఫోలిక్ ఆమ్లం వేసుకొంటే, ఆ లోపం తిరిగి రావడం 72 శాతం తగ్గిందని 1991లో ఏడు దేశాల పరీక్షలో తేలింది. అయితే బిడ్డ వెన్ను, మెదడు రూపొందే గొట్టం మొదటి 28 రోజుల్లోనే మూసుకొంటుంది. నెల తప్పిన సంగతి తెలిసేసరికే ఆ గడువు తీరిపోతుంది. మూడవ నెలలో ఇచ్చే మాత్ర రక్తానికి మంచిదే కాని, దీనికి ఆలస్యం.

నేను గుమాస్తాగా జనన రిజిస్టర్లు తిరగేసినవాడిని. తేదీ, ఆడో మగో, తల్లిదండ్రుల పేర్లు ఉండేవి. తల్లి ఏ మందు మింగిందన్న గడి లేదు. ఆ లోటు ఎంతటిదో అప్పట్లో నాకు తోచలేదు. 2013లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టిన బిడ్డను తల నుండి పాదం వరకు చూసి, గ్రహణమొర్రి, వంకరపాదం, వెన్ను లోపం వంటి తొమ్మిది పుట్టుక లోపాలను వ్రాయాలన్నారు. ఇంటివద్ద ఆశా కార్యకర్తలు ఆరు వారాల వరకు చూస్తారు. అయినా అడిగినవారికి నిజం చెప్పవలసింది మనమే.

పెద్దలుగా మన వంతు ఇది. కోడలో కూతురో బిడ్డ కావాలనుకొన్నప్పుడే ఫోలిక్ ఆమ్లం గురించి డాక్టరును అడగమనండి. మూర్ఛకో, కీళ్లకో మందు వాడుతున్నట్లయితే గర్భానికి ముందే చెప్పమనండి, తమంతట తాము ఆపవద్దనండి. మందుల షాపులో అడిగి తెచ్చిన మాత్ర గర్భిణికి ఇవ్వకండి. వాడిన ప్రతి మందు పేరు ఒక కాగితం మీద వ్రాసి, ప్రసవం వరకు దాచండి.

1995లో సుబ్బారావు గారి శతజయంతికి ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది. అది గౌరవమే. ఆయన ప్రయోగశాల మేలు చేసే మందూ ఇచ్చింది, జాగ్రత్త కోరే మందూ ఇచ్చింది. ఏది ఏదో చివరికి తేల్చింది పుట్టిన బిడ్డలూ, వారిని గమనించి వ్రాసినవారూ. జీవితమంతా లెక్కలు వ్రాసిన మనకు ఆ పని విలువ వేరే చెప్పనక్కరలేదు.