ఆ పిల్లల మందు వెనుక మన సుబ్బారావు

కొందరు పిల్లల్లో రోగనిరోధక శక్తి రెండు విధాలా తప్పుతుంది. సూక్ష్మజీవులతో పోరాడాల్సిన చోట పోరాడదు. పోరాడకూడని చోట, అంటే సొంత రక్తకణాల మీద, పేగుల మీద, కీళ్ల మీద విరుచుకుపడుతుంది. విస్కాట్-ఆల్డ్రిచ్ సిండ్రోమ్ అలాంటిదే. దాడిని అణచే మందు ఇస్తే ఇన్ఫెక్షన్ల భయం, ఇవ్వకపోతే అవయవాలు పాడవుతాయని భయం. ఈ ఇరకాటంలో డాక్టర్లు వాడే మందుల్లో ఒకదాని వెనుక మన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారని మనలో ఎందరికి తెలుసు?

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు, అదీ మద్రాసు హిందూ హైస్కూల్లో. ట్రిప్లికేన్ వైపు తిరిగే మనవాళ్లకు ఆ బడి తెలిసిందే. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపమొచ్చింది. ఎంబీబీఎస్ దక్కలేదు, ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. స్ప్రూ అనే పేగుల జబ్బు కొద్ది రోజుల తేడాలో ఇద్దరు అన్నదమ్ములను తీసుకుపోయింది.

మామగారూ, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థా సాయం చేస్తే 1922లో బోస్టన్ చేరారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆయన మళ్లీ రాలేదు.

హార్వర్డ్ పరిశోధనల సంగతి అలా ఉంచుదాం. 1940లో లెడర్లీ కంపెనీకి మారాక ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. అన్నదమ్ములను మింగిన స్ప్రూకు అది పనిచేసింది. ఆ తర్వాత అదే బృందం దానికి అడ్డుపడే మందులూ తయారుచేసింది. వేగంగా పెరిగే కణాలకు ఫోలిక్ యాసిడ్ కావాలి, అది అందకపోతే అవి ఆగిపోతాయి. అందులో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చి చూశారు. 16 మందిలో 10 మందికి, కొంతకాలమే అయినా, జబ్బు తగ్గింది. ఆ కోవలోదే మెథోట్రెక్సేట్.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, సుబ్బారావు న్యూయార్క్‌లో పోయారు. కీళ్లవాతానికి ఈ కోవ మందు వాడొచ్చని తేలింది 1951లో. ఇప్పుడు పిల్లల కీళ్ల వాపుకు మెథోట్రెక్సేట్‌ను చిన్న మోతాదులో వారానికొకసారే ఇస్తారు. నిరోధక శక్తి లోపించిన పిల్లలకు ఇతరుల మూలకణాలు ఎక్కించినప్పుడు, ఆ కణాలు పిల్లవాడి ఒంటి మీద తిరగబడకుండా ఇచ్చే మందుల్లోనూ ఇది ఉంటుంది.

కీళ్ల వాపు పిల్లలకు మెథోట్రెక్సేట్ రాసే చీటీలోనే, వికారం, నోటిపూత తగ్గడానికి డాక్టర్లు ఇంకో మాత్ర రాస్తారు. అది ఫోలిక్ యాసిడ్.