రెంబ్రాంట్ ఇంట కొడుకు వాటా నిలిపిన వీలునామా

ప్రఖ్యాత చిత్రకారుడు రెంబ్రాంట్ 1606లో హాలెండు దేశంలోని లైడెన్ పట్టణంలో, గాలిమర నడిపే కుటుంబంలో జన్మించాడు. ఆమ్‌స్టర్‌డామ్ నగరం చేరి మనుషుల బొమ్మలు గీయడంలో పేరు, ధనం గడించాడు. 1634లో సాస్కియా అనే కలవారి బిడ్డను పెండ్లాడాడు.

పెళ్ళికి ముందు వేరే ఒప్పందం రాసుకుంటే తప్ప భార్యాభర్తల ఆస్తి ఉమ్మడి అనేది ఆనాటి హాలెండు ఆచారం. అందులో సగం భార్యది. ఈ దంపతులు 1635లోనే ఒక వీలునామా రాసుకున్నారు. తర్వాత ముగ్గురు బిడ్డలు పసితనంలోనే పోయారు. 1641లో పుట్టిన టైటస్ ఒక్కడే దక్కాడు.

మరుసటి ఏడు సాస్కియా మంచం పట్టింది. చనిపోవడానికి తొమ్మిది రోజుల ముందు, 1642 జూన్ 5న నోటరీని పిలిపించి వీలునామా మార్పించింది. తన సగానికి వారసుడు టైటస్. దానిని అనుభవించే హక్కు మాత్రం భర్తది. ఆయన మారుమనువు చేసుకుంటే ఆ హక్కు పోతుంది. అయితే భర్తపై నమ్మకంతో, అనాథ బాలల ఆస్తులు చూసే నగర కచేరీకి ఆయన లెక్క చెప్పనవసరం లేదని కూడా రాయించింది.

1647లో ఆ ఉమ్మడి ఆస్తి విలువ 40,750 గిల్డర్లుగా తేలింది. టైటస్ వాటా 20,375 గిల్డర్లు.

కొంతకాలానికి ఇంట పనికి వచ్చిన హెండ్రికేతో రెంబ్రాంట్ కాపురం చేశాడు గాని, ఆమెను పెండ్లాడలేదు. సాస్కియా పెట్టిన షరతే ఇందుకు కారణమని చరిత్రకారులు భావిస్తారు. నింద మాత్రం హెండ్రికే మోసింది. 1654లో ఆమె గర్భవతిగా ఉండగా చర్చి పెద్దలు పిలిపించి మందలించి, ప్రభు భోజన సంస్కారానికి దూరం చేశారు. ఆ ఏడే ఆమెకు కూతురు కోర్నెలియా పుట్టింది.

అప్పుల పాలైన రెంబ్రాంట్ 1656లో ఆస్తినంతా కోర్టుకు అప్పగించాడు. 1639లో 13,000 గిల్డర్లకు కొన్న ఇల్లు 1658లో 11,218 గిల్డర్లకే అమ్ముడైంది. అప్పులవాళ్ళు ఆ సొమ్ముకు ఎగబడ్డారు. తల్లి వాటా ముందు తీర్చాలని టైటస్ తరఫు సంరక్షకుడు ఏళ్ళ తరబడి దావా నడిపి గెలిచాడు. ఒక అప్పులవాడు పుచ్చుకున్న సొమ్మును తిరిగి కట్టవలసి వచ్చింది. 1665లో టైటస్‌కు 6,952 గిల్డర్లు ముట్టాయి.

ఈలోగా 1660లో హెండ్రికే, టైటస్ భాగస్వాములై చిత్రాల వ్యాపారం పెట్టారు. రెంబ్రాంట్‌కు అందులో తిండి, వసతి మాత్రమే. ఆ ఏర్పాటు వల్లనే ఆయన కొత్త చిత్రాలు అప్పులవాళ్ళ చేతికి చిక్కలేదు.

హెండ్రికే 1663లో, టైటస్ 1668లో కన్నుమూశారు. రెంబ్రాంట్ 1669 అక్టోబరు 4న మరణించాడు. అమ్ముడైపోయిన ఆ ఇల్లు 1911 నుంచి ఆయన పేరిట ప్రదర్శనశాలగా ఉంది.